చింతపిక్కలతో పోకర్: పందెం ఎంత కాయాలో నేర్చుకున్న ఎనిమిది వారాలు

మొదటి వారం

ముందు బిళ్లల సంగతి. పోకర్ చిప్పులు కొనడం నాకు ఇష్టం లేదు. కొన్న నెలకే అవి అటకెక్కుతాయని నా గత చరిత్ర చెబుతోంది. వంటింట్లో పిన్ని దాచిన చింతపిక్కలు బోలెడు ఉన్నాయి. పిక్క విలువ ఒకటి. టైలరు దగ్గర కొన్న నల్ల గుండీ విలువ ఐదు. క్యారమ్ బిళ్ల విలువ పాతిక. తలా నాలుగు బిళ్లలు, పదిహేను గుండీలు, పాతిక పిక్కలు, వెరసి 200. ఎర్ర బిళ్లను పక్కన పెడితే క్యారమ్ పెట్టెలో పద్దెనిమిది ఉంటాయి, మాకు కావలసినవి పదహారు.

ఆడేది నలుగురం: నేను, అక్క, బావగారు, పిన్ని. విజయవాడలో పిన్ని ఇంట్లో, ఆదివారం భోజనాలయ్యాక, హాల్లో చాప మీద. డబ్బు ఊసు లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఆడే ఆటలను నిషేధించాయి, 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం లేకపోయినా నేను డబ్బు పెట్టేవాణ్ణి కాదు. నేర్చుకునే దశలో ఎవరో ఒకరికి ఫీజు కట్టాలి కదా, అది పిక్కల్లో కడితే చాలు. రమ్మీ నైపుణ్యం గల ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన రాష్ట్రం నుంచి వెళ్లిందేనని బావగారు ప్రతి ఆదివారం గుర్తు చేస్తారు. ఆ మాట తరువాతనే ముక్కలు కలుపుతారు.

మేము ఆడే పోకర్ రకం పేరు నోలిమిట్ హోల్డెమ్. నియమాలు గంటలో వచ్చేస్తాయి. చేతికి రెండు ముక్కలు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, ఆఖరున ఒకటి. వీటిని ఫ్లాప్, టర్న్, రివర్ అంటారు. చేతి ముక్కలు చూశాక ఒకసారి, ఈ మూడు మెట్లలో ఒక్కొక్కసారి పందెం. ముక్కలు చూడకముందే ఇద్దరు బలవంతంగా కట్టే పందేలు బ్లైండ్లు. మాకు అవి ఒకటి, రెండు పిక్కలు. నోలిమిట్ అంటే ఎవరి వంతులో వారు ముందున్నదంతా మధ్యకు నెట్టేయవచ్చు. ఏ ముక్కలు ఆడాలో చెప్పే జాబితాలు ఎన్నయినా దొరికాయి. ఎంత కాయాలన్నది మాత్రం ఎవరిని అడిగినా ‘అది పరిస్థితిని బట్టి’ అంటారు. ఆ పరిస్థితి ఏమిటో తెలుసుకోవడమే ఈ ప్రాజెక్టు. ఎనిమిది వారాలు, ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం.

మొదటి రోజే రెండు దెబ్బలు తిన్నాను. అక్క ఆరు కాసింది. నా దగ్గర రాణుల జత. పాతికకు పెంచుదామని ఒక క్యారమ్ బిళ్ల మధ్యలో పెట్టి ఊరుకున్నాను. బావగారు పంతొమ్మిది చిల్లర లెక్కపెట్టి నా ముందుకు తోశారు. నోటితో ఏమీ అనకుండా ఒక్క పెద్ద బిళ్ల పెడితే అది సమానం చేసినట్టేనట, పెంచినట్టు కాదట. ఇంకో ఆటలో రెండు గుండీలు పెట్టి, అవి చాలవనిపించి మరో రెండు తీయబోయాను. అదీ కుదరదు. రెండు విడతలుగా పెడితే మొదటి విడతే లెక్క. ఎదుటివారి ముఖం చూసి మిగతాది వేయడం మోసం కింద లెక్క. ఆయన రాత్రంతా నియమాలు చదివి వచ్చారని తరువాత అక్క చెప్పింది.

రెండో వారం

చేతికి ఆసుల జత వచ్చింది. హోల్డెమ్‌లో ఇంతకన్నా మంచి చెయ్యి లేదు. నాలుగు గుండీలు, అంటే 20 కాశాను. ముగ్గురూ ముక్కలు పడేశారు. నాకు దక్కినవి బ్లైండ్ల మూడు పిక్కలు. గంట తరువాత మళ్లీ ఆసులే వచ్చాయి. ఈసారి తెలివి మీరిపోయి, పెంచకుండా రెండే కట్టి కూర్చున్నాను. పెద్ద బ్లైండులో ఉన్న పిన్ని ఏడు, ఐదు పట్టుకుని ఉచితంగా ఫ్లాప్ చూసింది. ఏడు, ఐదు రెండూ పడ్డాయి. తొంభై పోయాయి.

అప్పుడు చదివిన పద్ధతి ఇది: మొదట పెంచేటప్పుడు ముక్కలు ఏవైనా సరే పెద్ద బ్లైండుకు మూడు రెట్లు. మా లెక్కలో ఆరు. నాకంటే ముందు ఎవరైనా ఊరికే రెండు కట్టి వస్తే తలకు రెండు చొప్పున కలపాలి. ఎవరైనా ముందే పెంచి ఉంటే, వాళ్ల తరువాత మాట్లాడే అవకాశం నాకు ఉన్నప్పుడు వాళ్లు కాసినదానికి మూడింతలు, నేనే ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడు నాలుగింతలు. ఇదంతా మొదలుపెట్టేవాడికి చేతికర్ర లాంటిది, శాసనం కాదు. కానీ ఆసులకూ ఆరే, పది–తొమ్మిదికీ ఆరే కాయడం వల్ల ఒక సుఖం ఉంది: నా చెయ్యి వణికినా నా పందెం వణకదు.

ఈ వారానికి ఇంతే. ఫ్లాప్ పడ్డ తరువాతే అసలు గొడవ.

మూడో వారం

ఈ ఒక్క ఆట గురించి వివరంగా రాసుకోవాలి.

నా దగ్గర ఇస్పేటు ఆసు, డైమను రాజు. ఆరుకు పెంచాను. పెద్ద బ్లైండులో ఉన్న అక్క సమానం చేసింది. చిన్న బ్లైండు పిక్క ఒకటి మిగిలిపోయింది కాబట్టి మధ్యలో 13. ఇలా మధ్యలో చేరిన కుప్పే పాట్. ఫ్లాప్: ఆటీను రాజు, ఆటీను ఎనిమిది, కళావరు మూడు. నాకు రాజుల జత, పక్కన ఆసు. దాదాపు కచ్చితంగా నాదే పైచేయి.

కాసింది రెండు పిక్కలు. ఎక్కువ కాస్తే అక్క పారిపోతుందని నా భయం. సమానం చేసింది, 17 అయింది. టర్న్ ఇస్పేటు ఐదు. మూడు కాశాను. మళ్లీ సమానం చేసింది, 23. రివర్ ఆటీను రెండు. అక్క నాలుగు గుండీలు మధ్యలో పెట్టింది. రాజులు కదా అని నేనూ 20 కట్టాను. ఆమె ఆటీను రాణి, ఆటీను తొమ్మిది తిప్పి చూపించింది. ఐదు ఆటీన్లు. నాకు మొత్తం 31 పోయాయి.

‘దురదృష్టం’ అన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. పిన్ని ఇరవై ఏళ్లు ఇంట్లోనే మంగళగిరి చీరలు అమ్మింది. “దురదృష్టం ఏమిటి? గిరాకీ పోతుందేమోనని అసలుకే ఎసరు పెట్టుకున్నావు. అంత చవగ్గా ఇస్తే ఎవరు కొనరు?” అంది.

రాత్రి లెక్క వేస్తే పిన్ని చెప్పింది అక్షరాలా నిజం. ఫ్లాప్ దగ్గర అక్కకు కావలసింది ఇంకొక్క ఆటీను. పదమూడింటిలో నాలుగు కనిపిస్తున్నాయి, మిగిలినవి తొమ్మిది. ఆమెకు కనిపించని ముక్కలు 47. అంటే తరువాతి ముక్కకు ఆమె అవకాశం సుమారు 19 శాతం. నేను అడిగిన ధర? 13లో నా 2 కలిస్తే 15. ఆమె మరో 2 కడితే 17 కోసం ఆట. 17లో 2 అంటే 12 శాతం కూడా లేదు. పందొమ్మిది రూపాయల సరుకును పన్నెండుకు అమ్మాను. టర్న్ దగ్గరా అంతే: 23లో 3 అంటే 13 శాతం, ఆమె అవకాశం దాదాపు 20.

అదే ఫ్లాప్ దగ్గర పాట్‌లో సగం, అంటే 7 కాసి ఉంటే? ఆమె 27లో 7 కట్టాలి, సుమారు 26 శాతం. సరుకు విలువకు మించిన ధర. అప్పుడు సమానం చేసినా ఆ ముక్క మీద నష్టం ఆమెదే. ఆటీను పడ్డాక నా దగ్గర ఇంకా ఎంత గుంజగలదన్నది వేరే లెక్క. అందుకే తడిగా ఉన్న బల్ల (మధ్యలో పడ్డ ఉమ్మడి ముక్కలు) మీద సగం కంటే ఇంకాస్త ఎక్కువే కాయమంటారు. రంగులు కలిసే, వరుసలు కుదిరే ముక్కలు పడితే తడి, రాజు–ఏడు–రెండు మూడు వేర్వేరు రంగుల్లో పడితే పొడి. ఈ రెండు మాటలు నాకు బాగా నచ్చాయి.

నోటుపుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకున్న ధరల పట్టీ: పాట్‌లో మూడో వంతు కాస్తే ఎదుటివారు కట్టే ధర 20 శాతం. సగం కాస్తే 25. మూడింట రెండు వంతులైతే 28 పైచిలుకు. పాట్ అంతా కాస్తే 33. పందెం మూడింతలైనా ధర 20 నుంచి 33కే పెరగడం వింతగా అనిపించి రెండుసార్లు సరిచూశాను. ఎదుటివాడు కట్టేది కూడా కుప్పలోనే కలుస్తుంది కదా, అందుకు.

నాలుగో వారం

పాట్‌లో సగం కాయాలంటే ముందు పాట్ ఎంతో తెలియాలి. అది నాకు తెలియదని ఈ వారం తెలిసింది.

అక్క మధ్యలో పిడికెడు పిక్కలు, గుండీలు పోసి ఎంతని అడిగేది. మొదటిసారి 40 అన్నాను, 63 ఉన్నాయి. గుండీ ఐదన్న సంగతి కంటికి ఆనదు. కుప్ప చూసి చెప్పడం వదిలేసి మొదటి నుంచి కలుపుకుంటూ రావడం మొదలుపెట్టాను. దానికో సులువు దొరికింది: సగం కాసి ఎదుటివారు సమానం చేస్తే పాట్ రెట్టింపు. పాట్ అంతా కాసి సమానం చేస్తే మూడింతలు.

ఆ సులువును పట్టుకుని చాప మీద మూడు కుప్పలు పేర్చాను. మూడూ 12 పిక్కలతో మొదలు. మొదటి కుప్పకు ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటా మూడో వంతు చొప్పున: 4, 7, 11. మూడు మెట్లలో నేను పెట్టింది 22. రెండో కుప్పకు సగం చొప్పున: 6, 12, 24. మొత్తం 42. మూడో కుప్పకు పాట్ అంతా: 12, 36, 108. మొత్తం 156. క్యారమ్ బిళ్లలు అయిపోయి పప్పు డబ్బా మూత తెచ్చి పాతిక కింద వాడుకోవాల్సి వచ్చింది. మొదటి మెట్టులో తేడా ఎనిమిది పిక్కలు, ఆఖరికి తేడా 134.

పిన్ని వచ్చి నిలబడి చూసి, “ఇది చక్రవడ్డీ” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చక్రవడ్డీయే. మొదటి మెట్టులో వేసిన పందెం రివర్ దగ్గర ఎంత కాయగలమో నిర్ణయిస్తుంది. మంచి చెయ్యి వచ్చినప్పుడు ఫ్లాప్‌లో ముద్దుగా రెండు పిక్కలు కాసి, రివర్‌లో ఒక్కసారిగా 150 కాద్దామంటే ఎవరూ కొనరు. చేతిలో ఉన్న 194ను మూడు మెట్లలో సమానమైన నిష్పత్తిలో మధ్యకు చేర్చాలంటే 12 పాట్‌కు ప్రతిసారీ ఎంత కాయాలో కూడా లెక్క కట్టాను: పాట్ కంటే కొంచెం ఎక్కువ, 1.11 రెట్లు. 13, 43, 138. లెక్క తెలిసినంత మాత్రాన 138 కాసే గుండె రాదు, అది వేరే ప్రాజెక్టు.

ఐదో వారం

బ్లఫ్. ముక్క లేకుండా బెదిరించడం.

పాట్ 40, నా చేతిలో ఏమీ లేదు. 80 కాశాను, ఎదుట బావగారు. ఆయన జాకీల జతతో సమానం చేశారు. రాజు, ఆసు రెండూ బల్ల మీద ఉన్నాయి, అయినా సమానం చేశారు. “చూడకపోతే నిద్రపట్టదు” అన్నారు.

బ్లఫ్ లెక్క చిన్నది. 40 గెలవడానికి 80 పెడితే ప్రతి మూడు సార్లలో రెండుసార్లు ఎదుటివారు పారిపోతేనే నష్టం లేకుండా బయటపడతాను. పాట్ అంతా, అంటే 40 పెడితే రెండింట ఒకసారి చాలు. 20 పెడితే మూడింట ఒకసారి. పొడి బల్ల మీద 20కి పారిపోయే మనిషి 80కీ పారిపోతాడు. అదే మనిషిని పారదోలడానికి అదనంగా అరవై ఎందుకు? ఎప్పుడు పెద్దది కావాలంటే, చిన్నదానికి పారిపోని ముక్కలు పెద్దదానికి పారిపోతాయని నమ్మకం ఉన్నప్పుడు. బావగారు దేనికీ పారిపోరు. ఆయన మీద బ్లఫ్ మానేసి, ముక్క ఉన్నప్పుడు పాట్ అంతా కాయడం మొదలుపెట్టాను. రెండు ఆదివారాల్లో ఆయన పిక్కలు నా వైపు వచ్చాయి, ఆయన మాత్రం హాయిగా నిద్రపోతున్నారు.

ఆరో వారం

నోటుపుస్తకంలో ఫ్లాప్ తరువాత నేను వేసిన పందేలన్నీ ఉన్నాయి: పాట్ ఎంత, కాసింది ఎంత, చేతిలో ఏమిటి. శనివారం రాత్రి వాటిని రెండు వరుసలుగా విడదీశాను, ముక్క ఉన్నవి, లేనివి. పది నిమిషాల తరువాత చెమటలు పట్టాయి.

బావగారి మీద వేసినవి పక్కన పెడితే, ముక్క ఉన్నప్పుడు నా పందేలు ఎక్కువగా మూడో వంతు దగ్గర. లేనప్పుడు ముప్పాతిక, ఒక్కోసారి పాట్‌కు మించి. ధరల పట్టీ అట్టలో ఉంది, మనసులో మాత్రం పాత భయాలే నడుస్తున్నాయి: మంచి చెయ్యి ఉంటే వాళ్లు పారిపోతారేమోనన్న భయం, చెత్త చెయ్యి ఉంటే పారిపోరేమోనన్న భయం. పందెం సైజు నా చేతి ముక్కల్ని చదివి వినిపిస్తోంది.

ఆదివారం పిన్నికి ఈ విషయం చెబితే నవ్వింది. “నాకు నాలుగు వారాల నుంచి తెలుసు. ముక్క ఉంటే చింతపిక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టి పెడతావు. లేకపోతే క్యారమ్ బిళ్లలు చప్పుడు చేస్తూ పెడతావు.”

“ముందే చెప్పవచ్చు కదా పిన్నీ?”

“చీర కొనడానికి వచ్చినవాళ్ల కళ్లు ఏ చీర మీద ఉన్నాయో వాళ్లకు చెబుతానా?”

2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల లిబ్రాటస్ అనే పోకర్ ప్రోగ్రాము నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో 1,20,000 ఆటలు ఆడి గెలిచింది. దాని గురించి చదువుతుంటే ఒక వివరం నన్ను పట్టుకుంది. పగలు మనుషులు ఏయే సైజుల పందేలతో దాని తీరులో సందులు వెతికారో చూసి, రాత్రిపూట ఆ సైజులకు జవాబులు లెక్కకట్టుకునేదట. తెల్లారేసరికి సందు పూడి ఉండేది. పిన్ని చేస్తున్నదీ ఇదే, సూపర్ కంప్యూటర్ లేకుండా.

ఏడో వారం

మరమ్మతు. మూడు మార్పులు చేశాను.

సైజును నా ముక్కలు నిర్ణయించకూడదు, బల్ల మీది ముక్కలు నిర్ణయించాలి. పొడి బల్ల అయితే మూడో వంతు, తడి బల్ల అయితే మూడింట రెండు వంతులు. ముక్క ఉన్నా అంతే, లేకపోయినా అంతే. ఆరితేరినవాళ్లు ఇంకా ఎన్నో సైజులు వాడతారు, నాకు రెండు చాలు. రెండింటినే సరిగ్గా దాచుకోలేకపోయినవాణ్ణి ఐదింటిని ఏం దాస్తాను?

ఎప్పుడూ ఒకే సైజు కాస్తే బ్లఫ్‌లు ఎన్ని కలపాలన్న ప్రశ్న వస్తుంది. రివర్ దగ్గర లెక్క అందంగా ఉంటుంది: పాట్ అంతా కాసేవాడు నిజమైన చేతులు రెండింటికి ఒక బ్లఫ్ కలపవచ్చు, సగం కాసేవాడు మూడింటికి ఒకటి. అంతకు మించితే ఎదుటివాడు ప్రతిసారీ సమానం చేసి లాభపడతాడు. ఎదుటివాడు కట్టే ధర 33, 25 శాతాలని అట్టలో ఉన్న పట్టీయే ఇక్కడా కనబడింది. రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు వచ్చినప్పుడు కలిగే ఆనందం లెక్కల మాస్టారు బెత్తం పట్టుకోకుండా చెప్పి ఉంటే చిన్నప్పుడే తెలిసేది.

మూడోది చేతులకు సంబంధించినది. పందెం ఎంతైనా ముందు నోటితో అంకె చెప్పి, తరువాత గుండీలతోనే పెట్టడం. చిల్లర తరువాత సర్దుకోవచ్చు. మొదటి గంటంతా కుడిచెయ్యి దానంతట అదే పిక్కల వైపు వెళ్లేది. ఎడమచేత్తో పట్టుకుని ఆపాను.

ఈ ఆదివారం 22 నష్టం. ముక్కలే రాలేదు. సైజులన్నీ పట్టీ ప్రకారమే వేశాను.

ఎనిమిదో వారం

చిన్న బ్లైండులో నేను, పెద్ద బ్లైండులో పిన్ని. నా దగ్గర ఆటీను ఆసు, ఆటీను నాలుగు. అక్క, బావగారు పడేశారు. ఆరుకు పెంచాను, పిన్ని సమానం చేసింది, పాట్ 12. ఫ్లాప్: ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది, కళావరు ఆరు. ఇంతకంటే తడి బల్ల ఉండదు. “ఎనిమిది” అన్నాను. సమానం, 28. టర్న్ ఇస్పేటు రాజు. “పద్దెనిమిది.” కొంచెం ఆలోచించి సమానం చేసింది, 64. రివర్ డైమను రెండు. ఆటీను రాలేదు, నా దగ్గర ఆసు తప్ప ఏమీ లేదు.

పాట్ 64, మూడింట రెండు వంతులు 42. పది సార్లలో నాలుగుసార్లు పిన్ని పారిపోతే చాలు. రాజుల జత ఉన్నా ఇంతే కాసేవాణ్ణి, వరుస కుదిరినా ఇంతే. “నలభై రెండు” అన్నాను. ఎనిమిది గుండీలు, రెండు పిక్కలు.

పిన్ని నా ముఖం చూడలేదు. నా చేతుల్ని చూసింది. తరువాత గుండీల్ని. తరువాత మళ్లీ చేతుల్ని. అక్క తెచ్చిన టీ ఆమె పక్కన పెట్టి, చాలాసేపు నిలబడి, వెళ్లిపోయింది. టీ మీద మీగడ కట్టింది. బావగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. చీరలు అమ్మిన ఇరవై ఏళ్లలో ఇంతసేపు ఏ బేరానికీ ఆలోచించి ఉండదు.

“తెలియడం లేదు” అంది చివరికి, నాతో కాదు, తనతోనే. ఒక క్యారమ్ బిళ్ల, మూడు గుండీలు, రెండు పిక్కలు లెక్కపెట్టి మధ్యలోకి తోసింది. చేతిలో పది, తొమ్మిది. తొమ్మిదుల జత. 74 పోయాయి నాకు.

నోటుపుస్తకం తీసి రాశాను: పాట్ 64, కాసింది 42, తడి బల్ల, ముక్క లేదు, సమానం చేసింది. పక్కన నష్టం గడిలో 74. దాని పక్కన ఎప్పుడూ ‘తప్పు ఏమిటి’ అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలేశాను.

“ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వు” అంది పిన్ని, మీగడ పక్కకు తీసి చల్లారిన టీ తాగుతూ.

దిండు కింద దాచి దాని మీద కూర్చున్నాను.